వైమానికుని పట్టిక - చీటి నుండి పలకకు

పెండ్లి తలపెట్టిన ఇంటిలో మొట్టమొదట పుట్టునది పట్టీ. పురోహితుడు ఎన్ని వందల పెండ్లిండ్లు జరిపించినవాడైనను, పసుపు, కుంకుమ, తమలపాకులు, జీలకఱ్ఱ, బెల్లము, తలంబ్రాల బియ్యము, కర్పూరము అని వరుసగా వ్రాసి యజమాని చేతికి ఇచ్చును. మంత్రములన్నియు ఆయనకు కంఠస్థములే. అయినను సంబారముల పట్టీ మాత్రము కాగితము మీద ఉండి తీరవలెను. ఏలయనగా సందడిలో మనస్సు చెదరును; ముహూర్తము ఎవరి కొఱకును ఆగదు. తీరా సమయమునకు మంగళసూత్రములున్న పళ్లెము కనబడక ఇల్లంతయు గాలించిన కథలు మన కుటుంబములలో కొల్లలుగా ఉన్నవి. తెలియక మఱచుట వేరు, బాగుగా తెలిసియుండి మఱచుట వేరు. ఈ రెండవదానికి విద్య మందు కాదు, అనుభవము మందు కాదు. వ్రాసిన పట్టీ ఒక్కటే మందు.

ఇంటిలో మఱచిన వస్తువును పరుగెత్తి తెచ్చుకొనవచ్చును. ఆకాశములో ఆ వీలు లేదు. కనుకనే విమానము నడుపువారు ఈ పెండ్లి పట్టీ వంటిదానినే తమ వృత్తిధర్మముగా చేసికొన్నారు. దానికి వారు పెట్టుకొన్న పేరు చెక్‌లిస్టు. మనము తనిఖీ పట్టిక అందము. నేడు ఆ పట్టిక చిన్న విమానములలో కాగితము విడిచి, వైమానికుని తొడమీద కట్టుకొన్న గాజుపలక లోనికి చేరినది. ఈ ప్రయాణమునకు దాదాపు తొంబది ఏండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒకే ఒక చిన్న తాళము రెండుమార్లు కనబడును. రెండుమార్లును ప్రాణములు పోయినవి. ఆ తాళపు కథయే ఈనాటి మా ప్రసంగమునకు ముఖ్యాంశము.

తొలినాటి విమానములకు పట్టికతో పని అంతగా లేకుండెను. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా తపాలా సంచులతో కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిన పుస్ మాత్ విమానమును తలచుకొందము. దానికి ఉన్నది ఒక్క ఇంజను. బొంబాయి నుండి నెవిల్ విన్సెంట్ ఆ తపాలాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చినాడు. అటువంటి విమానములో వైమానికుడు చూచుకొనవలసినవి పది వ్రేళ్ల మీద లెక్కింపదగినన్ని మాత్రమే. నూనె ఉన్నదా, పెట్రోలు ఉన్నదా, మీటలు కదలుచున్నవా, గాలి ఎటు వీచుచున్నది - ఇంతే. జ్ఞాపకశక్తి ఆ బరువును మోయగలిగెను.

మూడేండ్లు తిరిగినవో లేదో, పరిస్థితి మారినది. అమెరికా సైన్యమువారు దూరప్రాంతములకు పోగల పెద్ద బాంబరు విమానము కావలెనని పోటీ ప్రకటించినారు. మార్టిన్, డగ్లస్ కంపెనీలు రెండేసి ఇంజనుల విమానములను తెచ్చినవి. బోయింగ్ కంపెనీ మాత్రము సాహసించి నాలుగు ఇంజనుల విమానమును నిర్మించినది. దానికి మోడల్ 299 అని పేరు. ఒక్కొక్క ఇంజను శక్తి 750 అశ్వశక్తులు. ఒక రెక్క కొన నుండి మఱియొక రెక్క కొనకు సుమారు 104 అడుగులు. 1935 జూలై 28న అది మొదటిసారి ఎగిరినది. ఆగస్టు 20న సియాటిల్ నుండి ఒహాయో రాష్ట్రములోని రైట్ ఫీల్డుకు, అనగా రెండువేల మైళ్లకు పైబడిన దూరమును, ఎక్కడను ఆగక సుమారు తొమ్మిది గంటలలో దాటినది. దీని యెదుట తక్కిన రెండును నిలువజాలవని చూచినవారందఱును నిశ్చయించుకొన్నారు.

పెద్ద విమానమునకు పెద్ద తోక ఉండును. ఆ తోకకు అమర్చిన కదలెడు రెక్కలే విమానము ముక్కును పైకెత్తును, క్రిందికి దించును, ప్రక్కలకు త్రిప్పును. విమానము నేలమీద నిలిచియున్నపుడు ఈదురుగాలి తగిలినచో ఈ రెక్కలు అటునిటు కొట్టుకొని చెడిపోవును. ఈ బాధను తప్పించుటకు బోయింగ్ వారు క్రొత్త ఏర్పాటొకటి చేసినారు. పైలటు కూర్చుండిన చోటినుండియే ఆ రెక్కలను కదలకుండ బిగించు తాళము అది. దానిని గాలితాళము అందము. నేలమీద అది విమానమునకు రక్ష. గాలిలో అదియే మృత్యువు. ఎగురుటకు ముందు దానిని విడిపింపవలెను. పని ఒక్క క్షణమునది.

1935 అక్టోబరు 30వ తేదీన మేజర్ ప్లాయర్ హిల్ ఆ విమానమును ఎగురవేసినాడు. ఆయన రైట్ ఫీల్డు పరీక్షావైమానికులలో అనుభవమునకు పేరుపొందినవాడు. ప్రక్కన లెఫ్టినెంట్ డొనాల్డ్ పుట్ కూర్చుండినాడు. ఆ విమానమును ఎఱిగినవారిలో మొదటివాడైన లెస్లీ టవర్, బోయింగ్ కంపెనీ ప్రధాన పరీక్షావైమానికుడు, వారి వెనుకనే ఉన్నాడు. విమానము నేల విడిచినది. ముక్కు పైకెత్తి నిట్టనిలువుగా లేచినది; రెక్కలకు గాలిపట్టు తప్పినది; ఒక ప్రక్కకు ఒరిగి నేలకు కూలి మండిపోయినది. హిల్ ఆనాడే మరణించినాడు. టవర్ కాలిన గాయములతో కొన్నాళ్లకు మరణించినాడు. పుట్ బ్రతికి, ఆ తరువాత వైమానికదళములో లెఫ్టినెంట్ జనరల్ పదవి వఱకు ఎదిగినాడు.

విచారణ జరిగినది. ఇంజనులలో దోషము లేదు. విమానపు కట్టడములో దోషము లేదు. గాలితాళమును విడిపించుట మఱచినారు. అంతే! ముగ్గురు నిపుణులు ఒకేచోట ఉండియు, చేయి చాచిన అందెడు మీటను ఒక్కరును తలచలేదు.

ఇచ్చట పాఠకులు ఒక విషయము గమనింపవలెను. ఆ ముగ్గురిని అజాగ్రత్తపరులని నిందించి ఊరకుండుట సులభము. లేదా ఇకమీదట పైలట్లకు శిక్షణ ఇంకను పెంచవలెనని తీర్మానించి ఊరకుండవచ్చును. కాని హిల్‌ను, టవర్‌ను మించిన శిక్షణగలవారు ఎవరు? అంతటివారే మఱచినపుడు తప్పు మనుష్యుని తెలివిలో లేదు. ఆ తెలివిమీద మోపిన భారములో ఉన్నది. నాలుగు ఇంజనులకు నాలుగేసి మీటలు. వాటికి తోడు ఎన్నియో ముల్లులు, బిరడాలు, తాళములు. జ్ఞాపకము ఒక మూటను మోయగలదు గాని బండెడు బరువును మోయజాలదు.

ప్రమాదము వలన మోడల్ 299 పోటీలో నిలువలేకపోయినది. సైన్యమువారు డగ్లస్ కంపెనీకి 133 విమానములు తయారు చేయుడని ఉత్తరువిచ్చినారు. అయినను బోయింగ్ విమానమునందు నమ్మకము చావనివారు కొందఱు ఉండుటచేత, పరీక్షార్థమని చెప్పి 13 విమానములను మాత్రము కొన్నారు. వీటిలో 12 విమానములు 1937లో వర్జీనియా రాష్ట్రములోని లాంగ్లీ ఫీల్డునకు చేరినవి. వాటిని నడుపవలసినవారి ముందున్న ప్రశ్న ఒక్కటే: ఇంత పెద్ద యంత్రమును మానవమాత్రుడు మఱపులేక నడుపుట ఎట్లు?

ఆ ప్రశ్నకు వారు చూపిన సమాధానము చూచుటకు చాల అల్పము. చేయవలసిన పనులను చీటిమీద వ్రాసికొన్నారు. ఎగురుటకు ముందు చూచుకొనవలసినవి, ఎగురుచుండగా చూచుకొనవలసినవి, దిగుటకు ముందువి, దిగిన తరువాతివి అని విభజించినారు. ఒకడు చదువవలెను, మఱియొకడు చూచి బదులు చెప్పవలెను. తనిఖీ పట్టికకు ఆదిగా విమానచరిత్రకారులు సాధారణముగా ఈ ఘట్టమునే చెప్పుదురు. ఆ విమానమే బి-17 అను పేరుతో రెండవ ప్రపంచయుద్ధములో ప్రసిద్ధి కెక్కినది. మొత్తము 12,731 విమానములు తయారైనవి. ఒక్కరికి లొంగదనుకొన్న యంత్రమును వేలకొలది యువకులు నడిపినారు. నిన్నటివఱకు పొలములలోను, దుకాణములలోను పనిచేయుచుండినవారు వారిలో ఎందఱో ఉండిరి. ఉటా రాష్ట్రములోని వైమానిక స్థావరమునకు హిల్ పేరు పెట్టినారు. అయితే ఆయనకు నిజమైన స్మారకము ఆ చీటియే అని మా తలంపు.

ఒక సత్యము కనుగొన్న తరువాత దానిని అమలులో పెట్టుటకు మనుష్యులు ఎన్ని వేషములు వేయింతురో చూడుడు. మొదట కాగితపు చీటి. అది నలుగుచున్నదని అట్టకు పైన పారదర్శకమైన పొర అంటించినారు. తరువాత చుట్ట వచ్చినది: చిన్న పెట్టెలో రెండు కండెలకు కాగితపు పట్టీ చుట్టి, మర త్రిప్పిన కొలది వరుసలు జరుగునట్లు చేసినారు. పైని అడ్డముగా ఒక గీత. గీత క్రిందికి వచ్చిన పనియే ఇప్పుడు చేయవలసినది. ఆ తరువాత పలక మీద ప్రతి పనికి ఒక జరుపుడు మూత పెట్టినారు. పని అయినదా, మూత జరిపి ఆ మాటను కప్పివేయుట. మఱికొందఱు ప్రతి పనికి ఒక స్విచ్చి, ఒక దీపము అమర్చినారు. వరుసగా చదివి వినిపించు యంత్రములు సైతము వచ్చినవి. వీటినన్నిటిని ఆసాఫ్ డెగానీ, అర్ల్ వీనర్ అను ఇరువురు పరిశోధకులు 1990లో నాసా సంస్థకై వ్రాసిన నివేదికలో శ్రద్ధగా వర్ణించినారు.

ఇన్ని వేషములకును కారణము ఒక్కటే. కాగితమునకు ఒక లోపమున్నది: ఎంతవఱకు చదివితిమో అది గుర్తుంచుకొనదు. మూడవ పనివద్ద ఎవరో పిలిచినారు, బదులు చెప్పినాము, తిరిగి చూచునప్పటికి వ్రేలు ఆఱవ పనిమీద నిలిచినది. నడుమ రెండు జారిపోయినవి. జారిపోయినవని చెప్పువారు లేరు. ఇది ఊహ కాదు. 1987 ఆగస్టు 16న డిట్రాయిట్ విమానాశ్రయమునుండి నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ వారి ఎండీ-82 విమానము బయలుదేరినది. రెక్కలకు వెనుక చాచవలసిన ఫ్లాపులను చాచలేదు. విమానము నేలమీద నడచునపుడు చదువవలసిన పట్టికను పైలట్లు చదువలేదని విచారణలో తేలినది. హెచ్చరించు యంత్రమునకు విద్యుత్తు అందక అదియు మూగవోయినది. విమానములోని 155 మందిలో 154 మంది, నేలమీద ఇద్దఱు మరణించినారు. నాలుగేండ్ల పసిపాప ఒక్కతె మిగిలినది. మఱుసటి యేడు, 1988 ఆగస్టు 31న, డల్లస్ విమానాశ్రయములో డెల్టా వారి బోయింగ్ 727 విమానము అదే ఫ్లాపుల విషయమున కూలి 14 మంది మరణించినారు. డెగానీ, వీనర్‌ల నివేదిక పుట్టినది ఈ ప్రమాదముల వెనువెంటనే.

పట్టిక చేతిలో ఉండియు ఎందుకు చదువలేదు? దీనిని పెద్దవారి సంగతియని దూరముగా ఉంచనక్కఱ లేదు. మేము కూర్చుండు స్టూడియోలో ప్రసారమునకు ముందు చూచుకొనవలసినవి అయిదాఱు మాత్రమే. ఒకనాడు ఎఱ్ఱదీపము వెలిగినది, గొంతు సవరించుకొని చక్కగా ప్రసంగించితిమి; మైకు ఫేడరు తెఱచుట మాత్రము మఱచితిమి. కొన్ని నిమిషముల పాటు శ్రోతలు నిశ్శబ్దమును విన్నారు. వేలమార్లు చేసిన పని! వేలమార్లు చేసితిమి గనుకనే మఱచితిమి. అలవాటు గానుగెద్దు వంటిది. కండ్లకు గంతలున్నను తిరుగుచునే ఉండును. మాకు కలిగినది సిగ్గు మాత్రమే. ఆకాశములో మూల్యము వేఱు.

పెద్ద విమానములలో ఈ లోపమును కంప్యూటరుతో పూరింపజూచినారు. 1980 తరువాత వచ్చిన ఎయిర్‌బస్ విమానములలో ఏదేని యంత్రము చెడినయెడల, చేయవలసిన పనులు తెరమీద కనబడు ఏర్పాటు జరిగినది. 1995 జూన్ నెలలో ప్రయాణికుల సేవకు వచ్చిన బోయింగ్ 777 విమానములో పట్టిక యంతయు తెరమీదనే ఉన్నది. దాని విశేషమేమనగా, కొన్ని పనులు జరిగినవో లేదో ఆ పట్టికయే స్వయముగా తెలిసికొనును. చక్రములు నిజముగా దిగి బిగిసినచో ఆ వరుస రంగు మారును, దిగనియెడల మారదు. పైలటు ఎంత గట్టిగా అయినదన్నను అది ఒప్పుకొనదు.

చిన్న విమానముల సంగతి వేఱు. ప్రపంచములో అత్యధికముగా తయారైన విమానము సెస్నా 172. అది 1955లో మొదటిసారి ఎగిరినది; నేటికి 44,000కు పైగా తయారైనవి. నలుగురు పట్టు విమానము, ఒక్క ఇంజను. సాధారణముగా ఒక్కడే పైలటు. చదువువాడును వాడే, చూచువాడును వాడే, బదులు చెప్పువాడును వాడే. విమానము చుట్టు తిరిగి చూడవలెను: రెక్కలకు కట్టిన త్రాళ్లు విప్పినారా? పెట్రోలులో నీరు చేరినదా? ఇంజనులో నూనె చాలినంత ఉన్నదా? లోనికి వచ్చి చూడవలెను: ఆసనము పట్టాలమీద గట్టిగా కూర్చున్నదా? పెట్రోలు బిరడా రెండు తొట్లకును తెఱచి ఉన్నదా? ఇంజనును నిమిషమునకు 1700 లేక 1800 చుట్లు త్రిప్పి రెండు మాగ్నెటోలను విడివిడిగా పరీక్షింపవలెను. చివరకు చేతిచక్రమును ప్రక్కలకు త్రిప్పి, ముందునకు వెనుకకు లాగి, రెక్కలు స్వేచ్ఛగాను, సరియైన దిక్కుగాను కదలుచున్నవో లేదో కండ్లార చూడవలెను.

ఇవన్నియు గుర్తుంచుకొనుటకు శిక్షకులు ఇంగ్లీషు అక్షరములతో గుర్తుపదములు అల్లి నేర్పుచున్నారు. ఇంధనము, చక్రములు, మిశ్రమము, ప్రొపెల్లరు, నడుముపట్టీలు అనువాటి తొలి అక్షరములు కూర్చిన గంప్స్ అను పదము వాటిలో ప్రసిద్ధమైనది. మన పెద్దలు నక్షత్రముల వరుసను, తిథుల వరుసను వల్లెవేయించినట్టిదే ఈ పద్ధతి. మంచిదే, కాని కంఠస్థమైనది నాలుకమీద నడచిపోవును, కండ్లు వెంట రాకపోవచ్చును.

పలక కథ ఇచ్చట ప్రారంభమగును. 2004 మొదలు చిన్న విమానములలో ముల్లుల గడియారములకు బదులుగా గాజుతెరలు వచ్చినవి. గార్మిన్ వారి జీ-1000 అను తెరలో తనిఖీ పట్టికను చూపు వీలు కల్పించినారు. ఏప్రిల్ 2010లో ఐప్యాడ్ అంగడికి వచ్చినది. 2011 డిసెంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ప్రయాణముయొక్క అన్ని దశలలోను దానిని వాడుకొనుటకు ప్రభుత్వము అనుమతించినది. సంచులకొలది మోసిన పటములు, పుస్తకములు ఒక్క పలకలో ఇమిడినవి. చిన్న విమానముల యజమానులు పెద్దవారికంటె వేగముగా దానిని స్వీకరించినారు. పాత విమానములో క్రొత్త తెర బిగించుటకు ఎంతయో వ్యయమగును. పలక అయినచో తొడకు కట్టుకొన్న చాలును. ఫోర్‌ఫ్లైట్, గార్మిన్ పైలట్ మొదలైన యాప్‌లలో పటము, వాతావరణము, తనిఖీ పట్టిక అన్నియు ఒక్కచోట చేరినవి.

దీనివలన మేలు కలుగలేదనరాదు. పని ముగిసిన వరుసను వ్రేలితో తాకినచో అది రంగు మారును. తాకనిది అట్లే మిగిలి కంటికి కొట్టవచ్చినట్లు కనబడును. నడుమ ఎవరు పిలిచినను, ఎంత సేపు మాటలాడినను, తిరిగి వచ్చినపుడు విడిచిన చోటు తెలియును. కాగితమునకు లేని జ్ఞాపకము దీనికి ఉన్నది. ఇంజను ఆగినపుడు చేయవలసిన పనులకై పుటలు త్రిప్పుచు వెదకుకొననక్కఱ లేదు. కొన్ని యాప్‌లు వరుసలను చెవిలో చదివి వినిపించును. ఒంటరి పైలటునకు సహపైలటు గొంతు దొరకినట్లే. రాత్రివేళ దీపము లేకయే చదువవచ్చును.

అయితే లోపములు లేకపోలేదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెంటిగ్రేడు మించని వేడిలో వాడుకొనుడని దానిని చేసినవారే చెప్పుచున్నారు. ఎండలో నిలిపిన చిన్న విమానపు గాజుగూటిలో ఆ వేడి ఎంత త్వరగా దాటిపోవునో మన వేసవి ఎఱిగినవారికి చెప్పనక్కఱ లేదు. మితిమీరి వేడెక్కిన పలక తెర ఆర్పుకొని ఊరకుండును. బ్యాటరీ తీరిపోవచ్చును. గాలి కుదుపులలో వ్రేలు ఒక వరుసకు బదులు మఱియొక వరుసను తాకవచ్చును. ఎవరో కూర్చిన పట్టికను తెచ్చుకొన్నచో, తన విమానమునందు అమర్చిన ఇంజనుకు, తొట్లకు అది సరిపోకపోవచ్చును. తల వంచి పలకను చూచుచున్నంత సేపు వెలుపలి ఆకాశమును చూచువారు ఉండరు. కనుకనే వివేకముగల వైమానికుడు పలక వెంట కాగితపు చీటిని సైతము ఉంచుకొనును.

ఇంతకంటె లోతైన లోపము మఱియొకటి కలదు. బోయింగ్ 777 పట్టిక విమానపు నరములతో ముడిపడినది; చక్రము దిగినదో లేదో దానికి తెలియును. తొడమీది పలకకు చిన్న విమానముతో సాధారణముగా అటువంటి సంబంధము లేదు. బిరడా తెఱచితినని వ్రేలు తాకినచో అది నమ్మును. అది లెక్కించునది తాకిన వ్రేలిని. చూచిన కన్నును కాదు. పోనీ, తెలిసికొనగల పట్టిక ఉన్నచో చాలునా? నాసా వారి ఏమ్స్ పరిశోధనాలయములో 1990 తరువాతి తొలి యేండ్లలో జరిగిన ప్రయోగములలో, యంత్రమే తెలిసికొని గుర్తువేయు పట్టిక లభించిన పైలట్లు తాము స్వయముగా చూచుట తగ్గించుకొను ధోరణి కనబడినది. ఊతకఱ్ఱ బలమైనకొలది కాలు నడక మఱచును.

ఇప్పుడు మొదట చెప్పిన తాళమువద్దకు తిరిగి వత్తము. 2014 మే 31వ తేదీ రాత్రి అమెరికాలో బోస్టన్ నగరమునకు సమీపమున గల బెడ్‌ఫర్డ్ విమానాశ్రయమునుండి గల్ఫ్‌స్ట్రీమ్-4 అను జెట్ విమానము బయలుదేరినది. ఇరువురు పైలట్లు అనుభవజ్ఞులు. చాలకాలముగా కలిసి పనిచేసినవారు. విమానము రన్‌వే మీద పరుగెత్తినది గాని నేల విడువలేదు. రన్‌వే దాటిపోయి, పల్లములో పడి మండిపోయినది. లోపలనున్న ఏడుగురును మరణించినారు. కారణము? గాలితాళము విడిపింపలేదు. మోడల్ 299 కూలిన 78 ఏండ్ల 7 నెలల తరువాత, ఆకాశయాన శాస్త్రము చంద్రమండలము వఱకు పోయి వచ్చిన తరువాత, అదే తాళము.

విచారణాధికారులు ఆ విమానములో నమోదైన వృత్తాంతమును పరిశీలించి మఱియొక సత్యమును వెల్లడించినారు. ఎగురుటకు ముందు రెక్కలు స్వేచ్ఛగా కదలుచున్నవో లేదో సంపూర్ణముగా పరీక్షించుట విధి. అంతకు ముందటి 175 ప్రయాణములలో నూటికి 98 వంతులు ఆ పరీక్ష సంపూర్ణముగా జరుగలేదు. 1935లో హిల్‌కు పట్టిక లేదు. 2014లో పట్టిక ఉన్నది, దానిని చదువు అలవాటు పోయినది. మొదటి ప్రమాదము పట్టికను కనుగొనుటకు కారణమైనది. రెండవది ఏమి కనుగొనుమని చెప్పుచున్నది? ప్రతిదినము తప్పించుకొనుచు పోయినవానికి, తప్పించుకొనుటయే సురక్షితమని తోచును. నూట డెబ్బది మార్లు ఏమియు కాలేదు గనుక ఇక ఎన్నడును కాదని మనస్సు తీర్పు చెప్పును. ఈ తీర్పును కొట్టివేయగల యాప్ ఇంకను పుట్టలేదు.

పట్టిక మహిమ విమానములతో ఆగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సకు ముందు, నడుమ, తరువాత చదువవలసిన పట్టికను ప్రకటించినది. అతుల్ గవాండే అను శస్త్రవైద్యుడు ఆ కార్యమునకు నాయకత్వము వహించినాడు. ఢిల్లీ సహా ఎనిమిది నగరములలోని ఆసుపత్రులలో దానిని పరీక్షింపగా, శస్త్రచికిత్సానంతర మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవని 2009లో వెల్లడించినారు. రోగి పేరేమి, చికిత్స ఏ అవయవమునకు, లెక్కింపవలసినవి లెక్కించినారా - ప్రశ్నలు ఇటువంటివే. ఏ వైద్యుడును వీనిని తెలియనివాడు కాడు. తెలిసినదానిని నోట పలికి, కంట చూచి, ఇతరుల చెవిని వేయుటలో ఉన్నది రహస్యము.

సెస్నా 172 విమానములో సైతము గాలితాళము కలదు. అది ఏ క్లిష్టమైన యంత్రమును కాదు. చేతిచక్రపు కడ్డీలో దూర్చెడు ఇనుపచువ్వ. దానికి ఎఱ్ఱని రేకు ఒకటి తగిలించి ఉండును. చువ్వ తన చోటున ఉన్నంత సేపు ఆ రేకు ఇంజను తాళపుచెవి పెట్టు రంధ్రమును కప్పియుండును. దానిని తొలగింపక ఇంజనును నడిపించుట కష్టము. బ్యాటరీ లేదు, తెర లేదు, వేడికి ఆరిపోదు. చేయి తనంతట వెళ్లి దానిని తాకునట్లు, కన్ను తనంతట దానిపై పడునట్లు ఎవరో ఆలోచించి పెట్టిన రేకు అది. పలకలో పట్టిక కూర్చువారు ఈ రేకును ఒకమారు తలచుకొనిన మంచిది. పలకను వాడువారు, దాని వరుస రంగు మారిన తరువాత సైతము, తల ఎత్తి రెక్కవైపు ఒకమారు చూచిన ఇంకను మంచిది.